ఈనడం మానేసిన పిల్లి

దుప్పటి ముడత లేకుండా పరచడం మీకు వారంలో వచ్చేస్తుంది. అద్దం మీద మరక మిగలకుండా తుడవడం, తువ్వాలును హంసలా మడవడం, గెస్టు ఎంత విసుక్కున్నా మొహం మీద నవ్వు చెదరకుండా నిలబడటం, ఇవన్నీ నేర్పడానికి ఇప్పుడు కాలేజీలే ఉన్నాయి. అరకు చుట్టూ ఏటా లేస్తున్న కొత్త రిసార్టుల్లో పనికి చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి, "అమ్మా, మీ అనుభవం ఏదైనా చెప్పండి" అని అడుగుతుంటారు. ఏ మంత్రిగారు బస చేసిన సంగతో, ఏ సినిమావాళ్ళు దిగిన సంగతో చెబుతానని వాళ్ళ ఆశ. వాటిలో నాకేమీ మిగల్లేదు. ఇన్నేళ్ళ హౌస్‌కీపింగ్ పనిలో ఇప్పటికీ మింగుడుపడకుండా ఉన్నది ఒక పిల్లి సంగతి. నవ్వుకుంటే నవ్వుకోండి, కానీ చివరిదాకా వినండి.

మాది ఎస్.కోట దగ్గర పల్లె. ఆయన పోయాక బతుకుతెరువు వెతుక్కుంటూ కొండెక్కి, లోయకు ఎదురుగా ఉన్న ఒక రిసార్టులో గదులు తుడిచే పనికి కుదిరాను. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోట, తోట మధ్యలో కాటేజీలు. చివరికి అక్కడే హౌస్‌కీపింగ్ ఇన్‌చార్జినయ్యాను. నా కింద పనిచేసే ఆడపిల్లలందరూ చుట్టుపక్కల గిరిజన గ్రామాల వాళ్ళే. వాళ్ళలో ఒక గుంట, మా వైపు ఆడపిల్లను అలాగే అంటాం, డుంబ్రిగుడ అవతలి ఊరి నుంచి వచ్చేది. చంటిబిడ్డ తల్లి. మధ్యాహ్నం వాళ్ళత్త బిడ్డను వీపున కట్టుకుని గేటు దగ్గరికి తెచ్చేది. ఈ పిల్ల చేతులు కడుక్కుని పరుగెత్తి, వాచ్‌మన్ గది వెనక కూర్చుని పాలిచ్చి, మళ్ళీ పరుగెత్తుకుంటూ వచ్చి చీపురు అందుకునేది. పనిలో నాకు కుడిచెయ్యి. మాటలో మాత్రం నాకే ఎదురు నిలిచేది. అందుకే నాకు ఇష్టం.

వానాకాలం, చలికాలం వస్తే కొండమీద ఉతికిన బట్ట ఆరదు. దుప్పట్లూ తువ్వాళ్ళూ మూటకట్టి మా వ్యానులో ఎస్.కోట లాండ్రీకి పంపేవాళ్ళం. ఆరినవి తెచ్చి లినెన్ గదిలో సర్దేవాళ్ళం. అలా వానలు పట్టిన ఒక పొద్దున ఆ పిల్ల నా దగ్గరికి ఒగరుస్తూ వచ్చింది.

"అమ్మా, బేగి రండి. మన తలగడ గలీబుల మీద పిల్లి పిల్లలెట్టీసినాది."

నేను చీపురు తీసుకునే వెళ్ళాను. కింది అరలో, తెల్లటి గలీబుల మధ్య, తెలుపూ నలుపూ పసుపూ కలిసిన మూడు రంగుల పిల్లి పడుకుని ఉంది. పొట్ట దగ్గర ఎలుకపిల్లల్లాంటి నాలుగు పిల్లలు. నన్ను చూసి బుస్సుమనలేదు, పారిపోలేదు. "ఏం చేస్తావో చెయ్యి, నాకు లేచే ఓపిక లేదు" అన్నట్టు ఒకసారి కళ్ళెత్తి చూసి మళ్ళీ మూసుకుంది. నా చేతిలో చీపురు నాకే బరువైపోయింది.

"ఇప్పుడేటి సేద్దాం?" అన్నాను.

"ఏటి సేత్తామమ్మా. గలీబులు మల్లీ ఉతుక్కుంటాం" అంది ఆ పిల్ల.

అప్పటి మా మేనేజరు రాజమండ్రి వైపు కుర్రాడు, హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకుని వచ్చినవాడు. నన్ను "అమ్మా" అనే పిలిచేవాడు. చెడ్డవాడు కాదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే మీకు రేపు తగిలే మేనేజర్లలో చాలామంది చెడ్డవాళ్ళు కారు. జ్వరమొస్తే మాత్ర తెప్పించి ఇస్తాడు, పండక్కి స్వీటు పంచుతాడు. పిల్లి సంగతి తెలిసినప్పుడు, "లినెన్ రూమ్‌లో పిల్లేంటమ్మా, హైజీన్ ప్రాబ్లం, బయట పెట్టించేయండి" అన్నాడు. అది సబబే.

కానీ బయట పెట్టేలోపే ఒక గెస్టు కూతురు ఆ పిల్లికూనల్ని చూసింది. ఫొటోలు తీసింది. ఆ ఫొటోలు ఎక్కడెక్కడికి పాకాయో నాకు తెలీదు గానీ, ఆ తర్వాతి వారం దిగిన వాళ్ళు కారు దిగుతూనే అడగడం మొదలుపెట్టారు, "కిట్టెన్స్ ఎక్కడున్నాయి?" అని. మూడో రోజుకల్లా రిసెప్షన్ పక్కన మేదర్ల దగ్గర అల్లించిన పెద్ద బుట్ట, అందులో పట్టు గుడ్డ కుట్టిన పరుపు, పైన 'మా బుజ్జి కుటుంబం' అని బోర్డు వెలిశాయి. పిల్లిని తెచ్చి ఆ బుట్టలో పెట్టారు. హైజీన్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మొదట్లో నాకూ సంబరంగానే ఉండేది. ఆ పిల్ల సంత నుంచి ఎండుచేపలు తెచ్చేది. నేను వంటగదిలో కోడి కార్జాలు అడిగి, ఉడికించి, చల్లార్చి పెట్టేదాన్ని. గెస్టుల పిల్లలు పగలంతా పిల్లికూనల్ని చేతులు మార్చుకుంటూ ఆడేవాళ్ళు. తల్లి బుట్ట అంచున కూర్చుని ఒక్కొక్క చేతినే చూస్తూ ఉండేది. వెళ్ళేటప్పుడు ఎవరైనా ముచ్చటపడితే ఒక పిల్లను అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేవారు. పాలు మానాయా లేదా అని ఎవరూ అడగరు. రెండు విశాఖ చేరాయి. ఒకదాన్ని అనంతగిరి మలుపుల్లో కారులో కక్కిందని అక్కడే దింపేశారట. మా వ్యాను డ్రైవరు ఘాట్‌రోడ్డులో దాన్ని చూసి వచ్చి చెప్పాడు.

వలిసె పూలు లోయంతా పసుపు పరిచే వేళకి ఆ పిల్ల మళ్ళీ నన్ను పిలిచింది. "అమ్మా, దీని కడుపు సూడండి."

చూశాను. మొదటి కాన్పులో ఇవ్వకుండా మిగిలిన ఒక పిల్ల ఇంకా పాలు లాగుతూనే ఉంది. తల్లి నడుము ఎముకలు తేలి, పొట్ట మాత్రం కిందికి దిగి ఉంది.

"పాలిత్తుండగానేనా?" అన్నాను.

"పాలిత్తే ఆగుద్దనేటి?" అని నవ్వి, వెంటనే తల వంచుకుంది. నాకు అప్పుడు అర్థమైంది. ఈ పిల్లకి కూడా నెల తప్పింది. వీపున బిడ్డకి ఇంకా నడక రాలేదు.

ఏదో ఓదార్పుగా అందామనుకుని, "నీదీ దానిదీ ఒకే రాతలా ఉందే" అన్నాను. ఆమె చప్పున తలెత్తింది.

"అమ్మా, నన్నూ పిల్లినీ ఒక్క గాట కట్టకండి. నాకు నోరున్నాది. ఈ కానుపయ్యాక ఆగాలని మాయింటాయనికి సెప్పీసినాను. నర్సమ్మ కాడికెల్లి అడిగీసినాను. దానికేటున్నాది? మనం అడగాల."

అడుగుదామనే పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు అమ్మాయి, ఓపికస్తురాలు. పిల్లిని ఒళ్ళంతా తడిమి చూసి, "పాలిస్తున్నా సరే, పిల్లి మళ్ళీ కడుపు కట్టేస్తుందమ్మా. మధ్యలో ఒంటికి తెరిపి ఉండదు. ఈ కాన్పు ఎలాగూ తప్పదు. బాగా తిండి పెట్టండి, గుడ్డు, కార్జం, చేప. ఈనాక గండుపిల్లి దగ్గరికి రాకుండా ఒక గదిలో ఉంచండి. పిల్లలు పాలు మానగానే తీసుకురండి, ఆపరేషన్ చేసేస్తాను. దానితో దీనికి విముక్తి" అంది. నులిపురుగుల మందు కూడా ఇచ్చింది.

మేనేజరుకి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. "తప్పకుండా చేయిద్దామమ్మా. సీజన్ అయ్యాక చూద్దాం" అన్నాడు.

అరకులో సీజన్ ఎప్పుడవుతుందో మీకు తెలుసుగా. వలిసె పూలకి ఒక సీజన్, మంచుకి ఒక సీజన్, బడి సెలవులకి ఒక సీజన్, వాన పడితే జలపాతాలకి ఇంకో సీజన్. రెండో కాన్పులో మూడు పిల్లలు పుట్టాయి. నేనూ ఆ పిల్లా పిల్లిని లినెన్ గదిలో పెట్టి తలుపు వేసేవాళ్ళం. రిసెప్షన్‌లో గెస్టులు అడిగేవారు. మేనేజరు తాళం తెప్పించి తీయించేవాడు. సాయంత్రం గెస్టులు గిరిజనుల థింసా నాట్యం చూడటానికి మంట దగ్గరికి వెళ్ళాక బుట్టను పట్టించుకునేవాడు ఉండడు. వంటగది వెనక ఒక గండుపిల్లి మకాం. ఇంకేం చెప్పను. చలి ముదిరేసరికి మూడోసారి పొట్ట దిగింది.

ఆ మూడో కాన్పు అయిన కొద్దిరోజులకే జరిగింది నేను చెప్పదలచుకున్నది.

పొద్దున్నే ఒక పెద్ద టూరిస్టు బస్సు వచ్చింది. రిసెప్షన్ నిండా జనం, స్వెటర్లు, మఫ్లర్లు, కాఫీ కప్పులు. నేను తాళాలు లెక్క చూసుకుంటున్నాను. బుట్ట దగ్గర పెద్దగా నవ్వులు వినిపించాయి. తల తిప్పి చూస్తే పిల్లి బుట్టలోంచి దిగి నడవబోతోంది. కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. రెండడుగులు వేసి పక్కకి ఒరిగి, మళ్ళీ లేచి, ఒళ్ళంతా వణుకుతూ గిరగిరా తిరుగుతోంది. చుట్టూ ఫోన్లు పైకి లేచాయి.

"చూడు చూడు, థింసా ఆడుతోంది!" అన్నాడొకాయన. అందరూ నవ్వారు.

నేను జనాన్ని తోసుకుని వెళ్ళేలోపే వెనక తలుపు నుంచి ఆ పిల్ల పరుగున వచ్చింది. అప్పటికి తనకి పొట్ట బాగా పైకి కనిపిస్తోంది. రిసెప్షన్ వైపు రావద్దని ఆమెకి అంతకుముందే చెప్పి ఉన్నారు. అదేమీ చూడలేదు. తువ్వాలులో పిల్లిని చుట్టి గుండెకి అదుముకుని, "అమ్మా, పదండి! సచ్చిపోతాది!" అని అరిచింది. గెస్టులు దారిచ్చారు. ఒకరిద్దరు ఆమె పొట్టను కూడా ఫోన్లో తీసుకున్నారు.

డ్రైవరు లాండ్రీ మూటలు దించుతున్నవాడు దించుతున్నట్టే వదిలేసి వ్యాను తీశాడు. మంచులో లైట్లు వేసుకుని పోనిచ్చాడు. దారంతా ఆ పిల్ల వేలు తడిపి పిల్లి నోటికి రాస్తూ, తన భాషలో ఏదో చెబుతూనే ఉంది. పిల్లి కళ్ళు తేలిపోతున్నాయి.

డాక్టరమ్మ చూస్తూనే సూది అందుకుంది. "కాల్షియం పడిపోయింది" అని, మందు కొద్దికొద్దిగా ఎక్కించింది. ఎక్కిస్తుండగానే బిగిసిన కాళ్ళు ఒక్కొక్కటిగా వదులయ్యాయి. పిల్లి పెద్దగా ఊపిరి తీసి నా చేతిలో తల పెట్టింది.

"దీని ఒంట్లో ఉన్నదంతా పాలలో పోయిందమ్మా" అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ. "రెండు రోజులు పిల్లల్ని దూరంగా ఉంచి మీరే పాలు పట్టండి. ఇంకో కాన్పంటే ఇది బతకదు. ఈ మాట మీ సారుకి నేను చెప్పానని చెప్పండి."

చెప్పాను. మేనేజరు అప్పటికే వేరే విషయం మీద కోపంగా ఉన్నాడు. "అమ్మా, ఆ అమ్మాయి అలా గెస్టుల మధ్యకి రావడమేంటి? యూనిఫాం బొత్తాలు కూడా పట్టడం లేదు. చూడటానికి బాగుండదు కదా" అన్నాడు. ఆ వారం చివర పనివాళ్ళను కుదిర్చే కాంట్రాక్టరు చేత చెప్పించి ఆమెను పని మానిపించేశారు. కాన్పయ్యాక చూద్దామన్నారు. చూద్దాం అనేది మా రిసార్టులో అందరికీ ఒకే జవాబు.

నేను ఆఫీసుగదిలోకి వెళ్ళి నిలబడ్డాను. "సార్, కడుపుతో ఉన్న పిల్లి గెస్టులకి ముద్దొస్తుంది. కడుపుతో ఉన్న మనిషి ఎందుకు రాదు?" అని అడిగాను.

అతను తలెత్తి నవ్వాడు. "భలే అన్నారమ్మా" అని మళ్ళీ ఫోన్ చూసుకున్నాడు. నిజంగా మెచ్చుకునే అన్నాడు. ఆ మాట ఆ తర్వాత ఎవరికో చెప్పి నవ్వుతుంటే కూడా విన్నాను.

పోయేముందు ఆ పిల్ల కూడా అతని దగ్గరికి వెళ్ళింది. నేను పక్కనే ఉన్నాను.

"సార్, పని నేకపోతే నేకపోనాది. ఈ పిల్లిని నాకిచ్చీయండి. మాయింటికాడ సోళ్ళ గింజలన్నీ ఎలకలు తినేత్తన్నాయి. దాని ఆపరేసను నానే సేయిత్తాను."

"అయ్యో, అది హోటల్ పిల్లి కదమ్మా. గెస్టులు దీన్ని చూడటానికే రూమ్ బుక్ చేస్తున్నారు. ఎలా ఇస్తాం చెప్పు?" అన్నాడు. కసురుకోలేదు. మెల్లగా, నచ్చజెబుతున్నట్టు అన్నాడు.

పిల్లి మూడో కాన్పులో నాలుగు పిల్లల్లో రెండు పోయాయి. నేను సీసాతో పాలు పట్టాను, చలికి వేడినీళ్ళ సీసాలు పక్కన పెట్టాను. ఒకటి నా అరచేతిలోనే చల్లబడింది. మిగిలిన రెండూ నాలుగు మెతుకులు తినడం నేర్చుకుంటుండగానే ఎవరికో ఇచ్చేశారు. తల్లి పిల్లి వాటిని వెతుక్కుంటూ కాటేజీ కాటేజీకి తిరిగి అరుస్తుంటే, నిద్రపట్టడం లేదని గెస్టులు ఫిర్యాదు చేశారు.

ఆపరేషన్ ఎలా జరిగిందో చెబితే మీకు మీ ఉద్యోగం గురించి కొంత తెలుస్తుంది. ఎండాకాలంలో వచ్చిన ఒకావిడ పిల్లిని దగ్గరగా ఫొటో తీసింది. వెన్నెముక పూసపూసా కనిపిస్తూ, తోక దగ్గర వెంట్రుకలు ఊడిపోయి ఉంది. 'ఇక్కడ మూగజీవాలను ఆకలితో మాడుస్తున్నారు' అని కింద రాసి పెట్టింది. కంపెనీ పెద్దాఫీసు నుంచి ఫోను వచ్చింది. మేనేజరు పరుగున వచ్చి, "అమ్మా, పిల్లికి ఇవాళే ఆపరేషన్ చేయించేయండి. వ్యాను రెడీగా ఉంది" అన్నాడు. నేను నెలల తరబడి బతిమాలితే కదలనిది, ముక్కూమొహం తెలియని మనిషి ఒక్క ముక్క రాస్తే ఒక్క పూటలో కదిలింది. అదృష్టం కొద్దీ దానికి మళ్ళీ కడుపు నిలవలేదు. డాక్టరమ్మ ముందు ఒంటికి బలం రావాలని కొన్నాళ్ళు మందులిచ్చి, తర్వాతే కత్తి పట్టుకుంది. మేనేజరు తొందరపెడితే, "మీరు చేస్తారా మరి?" అని ఫోన్లోనే అడిగిందట.

ఆపరేషన్ తర్వాత పిల్లి నా గదిలోనే ఉంది. ఆ రోజుల్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ కాస్త వెచ్చగా ఉంటుంది. కుట్లు మానాయి. వెంట్రుక వచ్చింది, అదీ మెరుస్తూ వచ్చింది. ఒళ్ళు చేసింది. ఇస్త్రీ చేసిన వేడి దుప్పట్ల దొంతరెక్కి నాలుగు కాళ్ళూ చాచి నిద్రపోయేది. ఒకరోజు నేను గుండీ కుడుతుంటే దారాన్ని పట్టుకుని లాగి ఆడింది. అప్పుడు తట్టింది నాకు, ఇదింకా చిన్న పిల్లేనని. వచ్చిన దగ్గర్నుంచి తల్లిగానే చూశాం గానీ, అది ఆడుకోగా ఎవరూ చూడలేదు.

వానలు మళ్ళీ మొదలయ్యాయి. బుట్టను, పిల్లిని మళ్ళీ రిసెప్షన్‌లో పెట్టారు. గెస్టులు వచ్చి తొంగిచూసేవారు. "పిల్లలేవీ?" అనేవారు. రిసెప్షన్ కుర్రాడు "దీనికి ఆపరేషన్ అయిందండీ" అనేవాడు. "అయ్యో" అని వెళ్ళిపోయేవారు. పిల్లి లావుగా, హాయిగా, సోఫా మీద పడుకునేది. ఒకాయన కోటుకి వెంట్రుకలంటాయని గొడవ చేశాడు.

మేనేజరు ఒకసారి దాన్నే చూస్తూ, "ఊరికే తిని పడుకుంటోంది కదమ్మా" అన్నాడు.

నాకు విషయం అర్థమైంది. ఆ రోజే అన్నాను, "సార్, ఆ అమ్మాయి అడిగింది కదా. ఆ అమ్మాయికే ఇచ్చేద్దాం. కబురు పెడతాను, వచ్చి తీసుకెళ్తుంది."

"ఆ, సరే సరే. ఇచ్చేద్దాం" అన్నాడు.

సంతకి వెళ్ళే వాళ్ళ ఊరివాళ్ళతో కబురు పంపాను. ఆమెకి అప్పటికి కాన్పయింది. ఒక పొద్దున, మంచు ఇంకా విడవకముందే, వెనక గేటు దగ్గర నిలబడి ఉంది. వీపున పసిబిడ్డ. చేతిలో మూతున్న కొత్త వెదురుబుట్ట, లోపల మెత్తటి పాత చీర ముక్క పరిచి ఉంది. జీపు దొరక్క చాలా దూరం నడిచే వచ్చిందట. పాదాలు తడిసి ఎర్రమట్టి కొట్టుకుపోయాయి.

"ఏదమ్మా మన పిల్లి?" అంది నవ్వుతూ.

రిసెప్షన్‌కి వెళ్ళి చూశాను. బుట్ట లేదు, బోర్డు లేదు. అక్కడ పూలకుండీ ఉంది. మేనేజరుని అడిగాను.

"నిన్న పంపించేశానమ్మా. మంచి చోటికే" అన్నాడు కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా.

డ్రైవరు షెడ్డు దగ్గర వ్యాను కడుగుతున్నాడు. నన్నూ, నా వెనకున్న ఆ పిల్లనూ, ఆమె చేతిలో బుట్టనూ చూసి నీళ్ళ పైపు కట్టేశాడు. చాలాసేపు గుడ్డ పిండుతూ ఉండిపోయాడు.

"సారు సెప్పినారమ్మా. లాండ్రీకి ఎలాగూ ఎల్తన్నావు గదా, ఎస్.కోటలో ఎవులికైనా ఇచ్చీ, నేకపోతే ఒగ్గీ అన్నారు. ఎవులూ తీసుకోనేదు. తిండికి లోటుండదని నానే సూసి, సేపల బజార్లో ఒగ్గినాను."

"ఈ గుంటకి ఇత్తామని సారుకి నాను సెప్పినాను గదా?" అన్నాను.

"నానూ అడిగినానమ్మా, మన గుంట అడిగింది గదా సార్ అని. 'ఎవరు?' అన్నారు. గురుతు నేదంట" అన్నాడు. అతను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పాపం, అతనిదీ ఉద్యోగమే.

సెలవు అడగలేదు నేను. తాళాల గుత్తి రిసెప్షన్ బల్ల మీద పెట్టి, ఆ పిల్లతో కలిసి బస్సెక్కాను. ఘాట్ దిగుతున్నంతసేపూ ఆమె బుట్టను ఒళ్ళోంచి దించలేదు. బిడ్డ ఏడిస్తే కొంగు కప్పి పాలిచ్చింది.

మేం చేరేసరికి బజారు ముగుస్తోంది. బల్లలు కడుగుతున్నారు. పొలుసులు, ఐసు నీళ్ళు, కుక్కలు. ఒక చేపలావిడ మా మాట విని చెయ్యి ఆపింది.

"మూడు రంగుల పిల్లా? నున్నగా, బలంగా? నిన్న నా బల్ల కిందే ఉన్నాది. ఒకటే అరుపు. సేప ముక్కేసినాను, ముట్టనేదు. ఇంట్లో పెరిగిందేమో అనుకున్నాను. సీకటడతంటే కుక్కలెనకబడినాయి. అదిగో ఆ గోడెక్కి అటు దూకీసినాది. మరి నాను సూడనేదు."

గోడ అవతల ఒక పాత మిల్లు, తుప్పలు, ఆ వెనక రైలు పట్టాలు. ఆ పిల్ల బిడ్డను నా చేతికిచ్చి తుప్పల్లోకి దిగింది. తన భాషలో పిలుస్తూ, ఆగి వింటూ, మళ్ళీ పిలుస్తూ మిల్లు చుట్టూ తిరిగింది. ఇళ్ళ వాకిళ్ళలో నిలబడి అడిగాం. కొందరు నవ్వారు, పిల్లి కోసం కొండ మీంచి దిగారా అని. ఒక ముసలాయన తన పెరట్లో కూడా చూసుకోనిచ్చాడు. ఎక్కడా లేదు. ఆఖరి బస్సు వేళయ్యేదాకా తిరిగి, వచ్చి బస్టాండులో కూర్చున్నాం.

చాలాసేపటికి ఆ పిల్ల అంది, "అమ్మా, సారు సెడ్డోడు గాదని మీరంటారు గదా."

నేను బిడ్డను ఆమె ఒళ్ళోకి అందించాను.

"అతనికి నాను అడిగిన మాట గురుతు నేదు. నన్నే ఎవరని అడిగినాడంట. అన్నాల్లు అతని గదులు తుడిసినాను." బిడ్డ నెత్తిన వాన పడకుండా బుట్ట మూత అడ్డం పెట్టింది. "తిట్టి పొమ్మన్నా బాగున్ను. గురుతుండేది."

దీనికి ఏం జవాబు చెప్పాలో మీకు తెలిస్తే చెప్పండి.

ముందురోజు నేను లేనందుకు మర్నాడు మేనేజరు ఏమీ అనలేదు. "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని పలకరించాడు. పిల్లి సంగతి చెబితే, "అయ్యయ్యో, మీరు గుర్తు చేయాల్సిందమ్మా" అన్నాడు. బాధపడ్డాడు కూడా. అతని బాధ మధ్యాహ్నం భోజనందాకా ఉంది.

కొన్నాళ్ళకి విశాఖ నుంచి తెల్లటి కొత్త పిల్లిని తెప్పించాడు. దూదిపింజలా ఉంది. ఇంకా మొదటి ఎద కూడా రాలేదు. పూలకుండీ తీసి మళ్ళీ బుట్ట పెట్టారు. "మీరే చూసుకోవాలమ్మా" అన్నాడు. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆలోచించాను. ఆపరేషన్ చేయిస్తే దీనికీ చేపల బజారే. చేయించకపోతే దీని వెన్నెముక కూడా పూసపూసా తేలుతుంది. మూడో దారి ఇక్కడ లేదు. సంత రోజున ఆ పిల్ల వచ్చింది. మళ్ళీ అదే వెదురుబుట్ట. నేను లినెన్ గది వెనక తలుపు తీసి దాన్ని ఆమె చేతికిచ్చాను. "పిల్లి పోయింది సార్" అని సాయంత్రం చెప్పాను. అది అబద్ధమేమీ కాదు. అతను వెతికించలేదు. డాక్టరమ్మ దానికి సమయానికి ఆపరేషన్ చేసింది. ఇప్పుడది వాళ్ళ ఇంట్లో సోళ్ళు, అంటే రాగులు, పోసే గాదె మీద పడుకుంటుంది. చూడటానికి వెళ్తుంటాను. కానీ అది ఆ పిల్ల అడిగిన పిల్లి కాదు. ఆ మాట ఆమె అనదు, నేనూ అనను.

ఆ తర్వాత ఎండాకాలంలో నేను రిటైరయ్యాను. తోటలో చిన్న సభ పెట్టారు. మేనేజరు నాకు శాలువా కప్పి, ఈ రిసార్టులో మూగజీవాల మీద నాకున్నంత ప్రేమ ఇంకెవరికీ లేదని అందరి ముందూ మెచ్చుకున్నాడు. చప్పట్లు కొట్టారు. డ్రైవరు మాత్రం కొట్టలేదు. కేకు కోశాక, మేనేజరు నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడి సంబరంతో రిసెప్షన్‌లోకి తీసుకెళ్ళాడు. బుట్ట ఉండే చోట ఒక పెద్ద తీగల బోను ఉంది. చుట్టూ గెస్టుల పిల్లలు మూగి ఉన్నారు.

"మీరు చూసి వెళ్ళాలని నిన్నే తెప్పించానమ్మా. కుందేళ్ళు. వీటితో అరుపుల్లేవు, పారిపోవడాల్లేవు" అన్నాడు. నా చెవి దగ్గరికి వంగి, మంచి వార్త చెబుతున్నట్టు, మెల్లగా అన్నాడు.

"నెలనెలా పిల్లల్ని పెడతాయట."